దామగుండం ఇచ్చింది సరే, దామగుండానికి దక్కేదేమిటి?

2022 డిసెంబరు 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుంచి ఒక పెద్ద గుండ్రటి యంత్రం దిగింది. చుట్టుపక్కల ఊళ్ల జనం అక్కడికి పరుగెత్తారు. గ్రహాంతరవాసుల వాహనమన్న పుకారు గంటల్లోనే జిల్లా దాటిపోయింది. అధికారులు వచ్చి ఆరా తీశాక గానీ అసలు సంగతి బయటపడలేదు. అది స్పెయిన్‌కు చెందిన హేలో స్పేస్ అనే సంస్థ తయారుచేసిన ప్రయోగాత్మక గది. రేపటి రోజుల్లో పర్యాటకులను బెలూన్ సాయంతో భూమికి ముప్పై కిలోమీటర్ల పైకి తీసుకెళ్లాలన్నది ఆ సంస్థ ఆలోచన. హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బెలూన్ కేంద్రం నుంచి, మనుషులెవరూ లేకుండా, దాన్ని పరీక్షగా ఎగరేశారు.

ఈ కేంద్రం దశాబ్దాలుగా శాస్త్ర పరికరాలను ఆకాశంలోకి పంపుతోంది. ప్రయోగాల కాలం వచ్చిందంటే పత్రికల్లో ఒక ప్రకటన కనిపిస్తుంది: పరికరాలు పారాచూట్‌తో మీ పొలాల్లో దిగవచ్చు, తాకవద్దు, పెట్టె మీదున్న చిరునామాకు గానీ పోలీసులకు గానీ తెలపండి అని. 2005 ఏప్రిల్‌లో ఈ కేంద్రం నుంచే ఎగిరిన ఒక బెలూన్ పై వాతావరణంలోని గాలిని పట్టి తెచ్చింది. ఆ నమూనాల్లో అంతకుముందు ఎవరికీ తెలియని మూడు రకాల సూక్ష్మజీవులు దొరికాయని ఇస్రో 2009లో ప్రకటించింది. ఇంత గొప్ప విజ్ఞానం మన నెత్తి మీదుగా పోతున్నా, అది దిగిన ఊరికి మాత్రం అదొక వింతగానే మిగిలింది.

మొగిలిగుండ్లలో ఎవరికీ నష్టం జరగలేదు. అయితే ఇప్పుడు అదే జిల్లాలో, పూడూరు మండలం దామగుండం అడవిలో, అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద పని మొదలైంది. భారత నౌకాదళం జలాంతర్గాములతో మాట్లాడే రేడియో కేంద్రాన్ని అక్కడ కడుతోంది. సైన్యం, శాస్త్రవేత్తలు, పరిశ్రమ కలిసి పనిచేయడం గురించి మన దగ్గర చాలా చర్చ జరిగింది, ఎక్కువగా గర్వంతోనే జరిగింది. ఆ గర్వానికి కారణాలున్నాయి. కానీ ఆ ముగ్గురూ కలిసి నిలబడే నేల గురించి, ఆ నేల మీద బతికేవాళ్ల గురించి చర్చ తక్కువ. ఈ వ్యాసం ఆ రెండింటినీ కలిపి చూసే ప్రయత్నం.

మూడు పొయ్యిరాళ్ల మీద హైదరాబాద్

రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ డీఆర్‌డీవో 1958లో పుట్టింది. ఆ తర్వాత నాలుగేళ్లకు చైనాతో యుద్ధం వచ్చి, బయటి దేశాల ఆయుధాలను నమ్ముకుంటే ఏమవుతుందో చూపించింది. ఆ కాలంలోనే హైదరాబాద్ రక్షణ పరిశోధనకు కేంద్రమైంది. క్షిపణుల మీద పనిచేసే డీఆర్‌డీఎల్ 1962లో ఇక్కడికి చేరింది. లోహాల ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్ 1963లో వచ్చింది. 1967లో ఈసీఐఎల్, 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిధాని ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. 1984లో శంకర్‌పల్లికి దగ్గర్లోని ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం తెరుచుకుంది. 1988లో రీసెర్చ్ సెంటర్ ఇమారత్ మొదలైంది. సముద్రం ఒడ్డున విశాఖపట్నంలో టార్పెడోల పరిశోధనకు ఎన్‌ఎస్‌టీఎల్ 1969 నుంచే ఉంది.

వీటి మధ్య సంబంధం పొయ్యిరాళ్ల సంబంధం. సైన్యం తనకేం కావాలో చెప్పాలి, పరిశోధకుడు దాన్ని సాధించే దారి వెతకాలి, పరిశ్రమ దాన్ని వందల సంఖ్యలో, ఒకే నాణ్యతతో చేసివ్వాలి. ఒక్క రాయి జారినా కుండ నిలవదు.

ఇది బాగా కుదిరిన సందర్భం ఒకటి దగ్గరగా చూద్దాం. విమానవాహక నౌక విక్రాంత్ నిర్మాణానికి కావలసిన ప్రత్యేక ఉక్కు రష్యా నుంచి రావలసింది, రాలేదు. యుద్ధనౌక ఉక్కు మామూలు ఉక్కు కాదు. దెబ్బ తగిలితే పగలకూడదు, చల్లటి సముద్రాల్లోనూ పెళుసెక్కకూడదు, వెల్డింగ్ చేసినచోట బలహీనపడకూడదు. హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్ ఆ లక్షణాలతో డీఎంఆర్ 249ఏ అనే ఉక్కును రూపొందించింది. ప్రయోగశాలలో కొద్దిపాటి ముద్ద చేయడం ఒక ఎత్తు, కర్మాగారంలో వేల టన్నులు పోయడం మరో ఎత్తు. ఆ రెండో ఎత్తును ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్ దాటింది. ప్రతి దశలోనూ పరీక్షించి ఇది పనికొస్తుందని తేల్చింది నౌకాదళం. విక్రాంత్‌కు సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కు సెయిల్ అందించింది. 2022 సెప్టెంబరు 2న నౌక దళంలో చేరింది. ఆ ఉక్కు ఇప్పుడు ఇతర యుద్ధనౌకలకూ ఆధారం. బయటినుంచి రావలసిన సరుకు ఆగిపోవడం ఒక కొత్త పరిశ్రమకు పునాది వేసింది.

వరుణాస్త్ర టార్పెడో ఇలాంటిదే. విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించింది, భారత్ డైనమిక్స్ విశాఖ కర్మాగారం తయారుచేస్తోంది, 2016లో నౌకాదళం చేతికి వచ్చింది. పరిశోధకుడు, తయారీదారు, వాడేవాడు ఒకే ఊళ్లో ఉండటం దీనికి కలిసొచ్చింది.

దారి ఎప్పుడూ నున్నగా లేదు. అబ్దుల్ కలాం 1982లో డీఆర్‌డీఎల్ పగ్గాలు చేపట్టాక, 1983లో సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. పృథ్వి 1988 ఫిబ్రవరిలో, అగ్ని 1989 మేలో మొదటిసారి ఎగిరాయి. అదే కార్యక్రమంలోని త్రిశూల్ మాత్రం సైన్యంలో చేరలేకపోయింది. ఆకాశ్ చేరింది గానీ, సైన్యం, వైమానిక దళం దాన్ని లాంఛనంగా చేర్చుకునేసరికి 2015 వచ్చింది. మొదలుపెట్టిన ముప్పై రెండేళ్లకు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో ఆకాశ్ పనితీరును దేశమంతా మెచ్చుకుంది. ఆ మెప్పు వెనక మూడు దశాబ్దాల ఓపిక ఉంది. ఆలస్యానికి కారణాల్లో ఒకటి తరచూ కనిపించేదే: పరికరం తయారవుతుండగా సైన్యం అవసరాలు మారిపోవడం, మారిన అవసరాన్ని పరిశోధకుడు అందుకునేలోగా విదేశీ సరుకు ముందుకు రావడం.

ఇప్పుడు మూడో రాయి, అంటే పరిశ్రమ, చాలా మారింది. 1970లో ఎంటార్, 1991లో ఆస్ట్రా మైక్రోవేవ్ లాంటి సంస్థలు హైదరాబాద్‌లో ప్రైవేటు రంగానికి బాట వేశాయి. ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి కర్మాగారం 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ప్రధాన భాగాలను చేస్తోంది. అదే ఏడాది కేంద్రం ఐడెక్స్ పథకంతో చిన్న అంకుర సంస్థలకు తలుపు తెరిచింది. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో రక్షణ పరిశోధన నిధుల్లో నాలుగో వంతు పరిశ్రమకు, అంకుర సంస్థలకు, విశ్వవిద్యాలయాలకు అందుబాటులోకి తెస్తామని ప్రకటించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పేలుడు పదార్థాల పరిశోధన కేంద్రం 2005 నుంచి డీఆర్‌డీవో మద్దతుతో నడుస్తోంది. వికారాబాద్‌కు పొరుగున కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లోనూ డీఆర్‌డీవో కేంద్రం వచ్చింది.

చిన్న దేశాలు నేర్పే పాఠం

పెద్ద దేశానికి తప్పు చేసి తట్టుకునే శక్తి ఉంటుంది. చిన్న దేశానికి ఉండదు. అందుకే ఈ సహకారం గురించి నేర్చుకోవాలంటే చిన్న దేశాలను చూడాలి.

స్వీడన్ జనాభా సుమారు కోటి, తెలంగాణ జనాభాలో మూడో వంతు కూడా కాదు. అయినా సొంతంగా యుద్ధ విమానాలు, జలాంతర్గాములు తయారుచేసుకుంటుంది. లిన్‌షాపింగ్ అనే మధ్యస్థాయి పట్టణంలో సాబ్ విమాన కర్మాగారం, విశ్వవిద్యాలయం, రక్షణ పరిశోధన సంస్థ కార్యాలయం పక్కపక్కనే ఉంటాయి. ఆ పట్టణంలో పెరిగిన పిల్లవాడు అక్కడే చదివి, అక్కడే పరిశోధకుడో కార్మికుడో కాగలడు. రక్షణ పరిశ్రమ ఆ ఊరికి బయటినుంచి వచ్చి కంచె వేసుకున్న సంస్థ కాదు, ఊరి బతుకులో భాగం.

సింగపూర్ ఇంకా చిన్నది. దేశం మొత్తం వైశాల్యం వికారాబాద్ జిల్లాలో నాలుగో వంతు కన్నా తక్కువ. అక్కడ భూమికున్న విలువ అందరికీ తెలుసు. సైన్యం అడిగిందంటే ఎంత భూమి, ఎందుకు, ఎన్నాళ్లకు అన్న లెక్క తేలాల్సిందే. రక్షణ ప్రయోగశాలలు, కొనుగోళ్లు చూసే సంస్థ, తయారీ సంస్థ ఒకరి పని ఒకరికి తెలిసేంత దగ్గరగా మెలుగుతాయి.

ఈ రెండు దేశాల నుంచి మనం తీసుకోవలసింది ఒకటే. సహకారం ఢిల్లీలో సంతకమైన ఒప్పందంతో పూర్తికాదు. అది ఒక పట్టణంలో, ఒక జిల్లాలో, కళ్లకు కనిపించేలా వేళ్లూనుకోవాలి. హైదరాబాద్‌లో రక్షణ ప్రయోగశాలలు కొలువైన కంచన్‌బాగ్‌లో అది జరిగింది. డెబ్భై కిలోమీటర్ల దూరంలోని వికారాబాద్‌లో, ఇంకొంచెం అవతలి తాండూరులో జరగలేదు.

నీళ్లలోకి వెళ్లే మాట

దామగుండం ప్రాజెక్టును జనం రాడార్ స్టేషన్ అని పిలుస్తున్నారు. రాడార్ దూరాన ఉన్న వస్తువును పట్టే యంత్రం. ఇక్కడ వచ్చేది సందేశాలు పంపే ప్రసార కేంద్రం. ఈ తేడా తెలిస్తేనే ఇంత భూమి ఎందుకు అడిగారో, ఏ భయం నిజమో, ఏది కాదో అర్థమవుతుంది.

ఉప్పునీటిలో విద్యుత్తు తేలిగ్గా ప్రవహిస్తుంది. అందువల్ల అది రేడియో తరంగాలను పైపైనే మింగేస్తుంది. సెల్‌ఫోన్ తరంగం సముద్రంలో కొన్ని సెంటీమీటర్లు దిగేలోపే ఆరిపోతుంది. పౌనఃపున్యం తగ్గేకొద్దీ తరంగం లోతుకు దిగుతుంది. వీఎల్‌ఎఫ్ అని పిలిచే అతి తక్కువ పౌనఃపున్య తరంగాలు సెకనుకు 3 వేల నుంచి 30 వేల కంపనాల మధ్య ఉంటాయి. 20 వేల కంపనాల తరంగం కూడా సుమారు రెండు మీటర్లు దిగేసరికి మూడో వంతు బలానికి పడిపోతుంది. అయినా పంపే కేంద్రం శక్తిమంతమైనదైతే, పొడవాటి తీగ యాంటెన్నాను వెనక ఈడ్చుకుంటూ నీటి అడుగున పోతున్న జలాంతర్గామి ఆ సంకేతాన్ని అందుకోగలదు. మాట పోదు, బొమ్మ పోదు. సంకేతభాషలో కొన్ని అక్షరాలు నెమ్మదిగా పోతాయి. జలాంతర్గామి అదే దారిలో జవాబివ్వలేదు. అయితే పైకి తేలకుండా, శత్రువుకు కనబడకుండా ఆజ్ఞ వినగలగడమే దానికి ప్రాణం.

20 వేల కంపనాల తరంగం పొడవు 15 కిలోమీటర్లు. యాంటెన్నా ఎత్తు అందులో నాలుగో వంతు ఉంటే బాగా పనిచేస్తుందన్న లెక్కన చూస్తే దాదాపు నాలుగు కిలోమీటర్ల స్తంభం కావాలి. అది అయ్యే పని కాదు. అందుకని వందల మీటర్ల ఎత్తు స్తంభాలు పాతి, వాటి మీద తీగలు అల్లి, కింద నేలలో నలుదిక్కులా రాగి తీగలు పూడ్చి, భారీ విద్యుత్తుతో ఆ లోటును పూడుస్తారు. ఇలాంటి కేంద్రం ఏ దేశంలో కట్టినా వేల ఎకరాలు అడిగేది ఇందుకే. తమిళనాడులోని తిరునల్వేలి జిల్లా విజయనారాయణంలో ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ కేంద్రం 1990 నుంచి ఉంది. 2014లో అక్కడ చేరిన కొత్త వీఎల్‌ఎఫ్ కేంద్రం స్తంభాల ఎత్తు 471 మీటర్లు, దేశంలో అంత ఎత్తయిన కట్టడం మరొకటి లేదు.

మరి దామగుండంలో రెండో కేంద్రం ఎందుకు? ఒకే కేంద్రం మీద ఆధారపడితే, అది దెబ్బతిన్న రోజున జలాంతర్గాములు చెవిటివవుతాయి. అణ్వాయుధాన్ని ముందుగా ప్రయోగించబోమన్నది మన విధానం. అలాంటి దేశానికి, దాడి జరిగాక కూడా జవాబు చెప్పగల జలాంతర్గాములే అసలైన రక్ష. విశాఖపట్నంలో తయారైన అలాంటి జలాంతర్గాముల్లో అరిహంత్ 2016లో, అరిఘాత్ 2024 ఆగస్టు 29న దళంలో చేరాయి. ఆ తర్వాత నెలన్నరకు, కలాం జయంతి రోజైన అక్టోబరు 15న, దామగుండంలో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సమక్షంలో శంకుస్థాపన జరిగింది. విశాఖలో జలాంతర్గామి, హైదరాబాద్‌లో క్షిపణి పరిశోధన, దామగుండంలో ఆజ్ఞ పంపే రేడియో. దేశ రక్షణలో ఇంత కీలకమైన అంశం తెలుగు నేల మీద ఇలా ఒక వరుసలోకి వచ్చింది. దీని అవసరాన్ని నేను శంకించడం లేదు.

అడవి అడుగుతున్న ప్రశ్నలు

ప్రాజెక్టు విస్తీర్ణం 2,900 ఎకరాలు, ఖర్చు 3,200 కోట్ల రూపాయలు, 2027 నాటికి పూర్తిచేయాలన్నది లక్ష్యం. ఈ ప్రతిపాదన కొత్తదేమీ కాదు. 2017లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఉత్తర్వులిచ్చింది, 2024 జనవరిలో ఇప్పటి ప్రభుత్వం భూమి బదలాయింపునకు అంగీకరించింది. రెండు పార్టీల ప్రభుత్వాలూ ఇందులో భాగస్వాములే. అటవీ నష్టపరిహార నిధికి 133.54 కోట్లు, నేల, తేమ సంరక్షణ పనులకు 18.56 కోట్లు నౌకాదళం చెల్లించింది.

కొట్టేసే చెట్ల సంఖ్య దగ్గర పేచీ మొదలైంది. అధికారిక లెక్క సుమారు 1.93 లక్షలు. అడవి కోసం పోరాడుతున్నవాళ్లు చెప్పేది 12 లక్షలు. ఇంత తేడా రావడమే ఆందోళన కలిగించాలి. ఏ వయసు మొక్కను చెట్టుగా లెక్కించాలి, పొదలను, మందు మొక్కలను ఏ పద్దులో రాయాలి అన్నది తేల్చకుండా సంఖ్యలు విసురుకుంటే నిజం ఎవరికీ అందదు. దామగుండం దక్కన్ పీఠభూమి ఆకురాలు అడవి. వేసవిలో వచ్చి చూసినవాడికి ఎండిన కొమ్మలే కనిపిస్తాయి, వాన పడగానే అదే అడవి పచ్చబడుతుంది. పశువుల మేత, వంటచెరకు, మందు మొక్కల కోసం చుట్టుపక్కల ఊళ్లు తరతరాలుగా దాని మీద ఆధారపడ్డాయి. రామలింగేశ్వరస్వామి ఆలయం ఆ అడవిలోనే ఉంది.

నీటి సంగతి ఇంకా పెద్దది. మూసీ నది అనంతగిరి కొండల్లో పుడుతుంది. ఈసీ నది కూడా ఈ ప్రాంతపు నీటినే మోసుకెళ్తుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచాక కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు ఈ రెండు నదుల మీదివే. వికారాబాద్ కొండల మీద అడవి పలచబడితే వాన నీరు నేలలో ఇంకకుండా ఒక్కసారిగా పల్లానికి పారుతుంది, మట్టిని కొట్టుకుపోతుంది. ఆ ప్రభావం పూడూరులో మొదలై రాజధాని నగరం దాకా వెళ్తుంది. అటు తాండూరు వైపు పారే కాగ్నా నది పొరుగు రాష్ట్రంలో భీమా నదిలో కలుస్తుంది. ఒక జిల్లా అడవి రెండు రాష్ట్రాల నీటికి మూలం.

రేడియేషన్ భయం గురించి కూడా నిజాయతీగా మాట్లాడాలి. వీఎల్‌ఎఫ్ తరంగాలు ఎక్స్‌రేల లాంటివి కావు, శరీరంలోని అణువులను చీల్చే శక్తి వాటికి లేదు. బలమైన క్షేత్రం యాంటెన్నా ఆవరణలోనే ఉంటుంది, అక్కడ లోహపు కంచెలు, తీగలను తాకితే షాక్ తగలకుండా జాగ్రత్తలు అవసరం. స్తంభాల లాగుడు తీగలకు పక్షులు తగిలి చనిపోవడం ప్రపంచంలో చాలాచోట్ల నమోదైన సమస్య. కాబట్టి ఊళ్లలో క్యాన్సర్ వస్తుందని భయపెట్టడం సరికాదు, ఏ ప్రభావమూ ఉండదని చేతులు దులుపుకోవడమూ సరికాదు. రెండింటికీ జవాబు ఒకటే: కొలవాలి, కొలిచింది చెప్పాలి.

ఈ జిల్లా భూమి విషయంలో ఎంత గాయపడి ఉందో 2024 నవంబరులోనే కనిపించింది. శంకుస్థాపన జరిగి నెల తిరగకముందే, దుద్యాల మండలం లగచర్లలో ఫార్మా పరిశ్రమల భూసేకరణపై మాట్లాడటానికి వెళ్లిన కలెక్టర్, అధికారుల మీద దాడి జరిగింది. అరెస్టులు జరిగాయి. ఆ నెలాఖరుకు ప్రభుత్వం ఫార్మా ప్రకటనను వెనక్కి తీసుకుంది. దాడి తప్పు. అయితే మా మాట వినేవాళ్లు లేరన్న భావన ఊళ్లలో ఎంత లోతుగా పాతుకుపోయిందో కూడా ఆ ఘటన చెప్పింది. దామగుండం అటవీ భూమి కావడం వల్ల అక్కడ పట్టాదారుల గొడవ తక్కువ. అంతమాత్రాన అక్కడ ఎవరికీ ఏమీ పోలేదని కాదు.

తాండూరు దాకా రాని పరిశ్రమ

వికారాబాద్ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం తొమ్మిది లక్షల పైచిలుకు. ఉన్న పరిశ్రమంతా దాదాపు తాండూరు చుట్టూనే ఉంది. నేలలో సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. కరన్‌కోట్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం ఉంది. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు వేలమందికి పని చూపాయి. తాండూరు బండ పరిచిన ఇళ్లు తెలుగు రాష్ట్రాల్లో లెక్కలేనన్ని. అయితే ఆ యూనిట్ల పక్కన రాతి బురద పేరుకుపోతూనే ఉంది, దుమ్ము కార్మికుల ఊపిరితిత్తుల్లోకి వెళ్తూనే ఉంది. ఉక్కును పెళుసెక్కకుండా చేయగలిగిన శాస్త్రం వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. రాతి బురదను ఇటుకగానో మరొకటిగానో మార్చే పని మీద అది ఇటువైపు చూడలేదు.

తాండూరుకు పరిశోధనతో చెలిమి తెలియదని కాదు. ఇక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రం కంది రకాల మీద పనిచేస్తోంది. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. దాని వెనక ఈ నేల గుణం, రైతుల పట్టుదల, శాస్త్రవేత్తల తోడ్పాటు, రైతు ఉత్పత్తిదారుల సంస్థ చొరవ ఉన్నాయి. రైతు ఈ కథలో లబ్ధిదారుగా మిగిలిపోలేదు, హక్కుదారుగా నిలబడ్డాడు. రక్షణ రంగంలోనూ అలాంటి సంబంధం సాధ్యమేనని ఈ జిల్లా ముందే చూపించింది.

ఒప్పందంలో ఊరి వాటా

పై చర్చంతా చూశాక నాకు తోచింది సూటిగా చెబుతాను. సైన్యం, పరిశోధన, పరిశ్రమ చేసుకునే ఒప్పందంలో భూమి ఇచ్చిన జిల్లా పేరు కూడా పక్షంగా ఉండాలి. దయగా ఇచ్చే హామీలు చాలవు. శంకుస్థాపన నాడు ఆలయానికి దారి మూయవద్దని, స్థానిక పిల్లల చదువుకు అవకాశం ఇవ్వాలని ముఖ్యమంత్రి అడిగారు. మంచి మాటే. వేదిక మీది మాటకు కాగితం మీద రూపం కావాలి.

మొదటిది, కొలతలు. నిర్మాణానికి ముందు అడవి, నీరు, పక్షులు ఎలా ఉన్నాయో, తర్వాత ఎలా మారాయో స్వతంత్ర సంస్థలు కొలవాలి. భూగర్భ జలాలకు హైదరాబాద్‌లోనే 1961 నుంచి ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది. వన్యప్రాణులకు కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ ప్రయోగశాల ఉంది. రక్షణ రహస్యాలు బయటపడకుండానే బావుల నీటిమట్టం, నాటిన మొక్కల్లో బతికినవెన్ని, తరంగాల తీవ్రత ఊరి పొలిమేరలో ఎంత అన్న లెక్కలు ఏటా తెలుగులో గ్రామ పంచాయతీల ముందు పెట్టవచ్చు.

రెండోది, మిగిలిన అడవికి రక్షణ. అమెరికా నౌకాదళం వాషింగ్టన్ రాష్ట్రంలోని జిమ్ క్రీక్ వీఎల్‌ఎఫ్ కేంద్రం ఆవరణలో వందల ఏళ్ల నాటి అడవి ముక్కను కలప కోత నుంచి కాపాడింది. కంచె వేసిన చోట గొడ్డలి పడదు, ఇల్లు లేవదు. స్తంభాలకు అవసరం లేని ప్రతి ఎకరాన్నీ అడవిగానే ఉంచుతామన్న మాట ఒప్పందంలో ఉంటే, అదే కంచె అడవికీ కాపలా అవుతుంది.

మూడోది, విజ్ఞానం. వీఎల్‌ఎఫ్ కేంద్రాల సంకేతాలు భూమికి, పై వాతావరణంలోని అయాన్ పొరకు మధ్య ప్రయాణిస్తాయి. సూర్యుడిలో జ్వాల ఎగసినా, గ్రహణం పట్టినా ఆ సంకేతం బలం మారుతుంది. విజయనారాయణం నుంచి వచ్చే 18.2 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని కోల్‌కతా సహా పలుచోట్ల శాస్త్రవేత్తలు ఏళ్లుగా రికార్డు చేసి పై వాతావరణాన్ని అధ్యయనం చేస్తున్నారు. సందేశంలో ఏముందో వాళ్లకు అక్కర్లేదు, బలం ఎలా మారుతోందో చాలు. ఇందుకు కావలసిన రిసీవర్‌ను ఇంజనీరింగ్ విద్యార్థులే తయారుచేసుకోగలరు. వికారాబాద్, తాండూరు కళాశాలల్లో అలాంటివి నెలకొల్పితే, ఆకాశం నుంచి పరికరం దిగినప్పుడు అదేమిటో ఊరికి చెప్పగల పిల్లలు ఊళ్లోనే ఉంటారు. స్వీడన్‌లో 1924 నాటి గ్రిమెటన్ రేడియో కేంద్రం ఒకప్పుడు జలాంతర్గాములకు సందేశాలు పంపింది. ఇప్పుడది యునెస్కో వారసత్వ కట్టడం, జనం వెళ్లి చూసి నేర్చుకునే చోటు. పనిచేస్తున్న సైనిక కేంద్రాన్ని అలా తెరవలేం. కానీ దాని విజ్ఞానాన్ని గేటు బయటికి తేవచ్చు.

నాలుగోది, పని. 3,200 కోట్ల నిర్మాణంలో సిమెంటు, రాయి, రోడ్లు, విద్యుత్ పనులు ఉంటాయి. నాణ్యత పరీక్షలో నెగ్గిన తాండూరు సరుకుకు మొదటి అవకాశం ఇవ్వాలి. స్తంభాల నిర్వహణ, విద్యుత్ పరికరాలు, వెల్డింగ్ లాంటి పనుల్లో జిల్లా ఐటీఐ పిల్లలకు నౌకాదళమే శిక్షణ ఇవ్వాలి. భారత్ డైనమిక్స్, మిధాని, ఎద్దుమైలారం కర్మాగారం తమ చిన్న విడిభాగాల పనులు జిల్లాలోని యూనిట్లకు ఇచ్చే దారి వెతకాలి. చిన్న పరిశ్రమలను ముంచేది మొదటి ఆర్డరు రాకపోవడం కాదు, మొదటి ఆర్డరు కోసం యంత్రాలు కొన్నాక రెండోది రాకపోవడం. కాబట్టి ఏళ్ల తరబడి సాగే ఒప్పందాలు కావాలి.

ఇందులో ఏదీ దేశ భద్రతకు అడ్డు కాదు. పైగా చుట్టూ ఉన్న ఊళ్లు తమదనుకున్న కేంద్రానికే కాపలా గట్టిగా ఉంటుంది. విక్రాంత్ ఉక్కు కథలో మనం చూసింది ఇదే: కావలసినవాడు, కనిపెట్టినవాడు, చేసినవాడు ఒకరి మాట ఒకరు విన్నారు, ప్రతి దశలో పరీక్షకు ఒప్పుకున్నారు. ఆ వినడం, ఆ పరీక్ష దామగుండం అడవికీ, పూడూరు ఊళ్లకూ వర్తించాలి. కేంద్రం పూర్తయ్యాక అడిగితే అది విన్నపం అవుతుంది, ఇప్పుడే రాయించుకుంటే హక్కు అవుతుంది. జిల్లా ప్రజాప్రతినిధులు, రాష్ట్ర ప్రభుత్వం, నౌకాదళం కూర్చుని ఆ నాలుగు అంశాలను ఒప్పందంగా మార్చాలి. దేశానికి దామగుండం అవసరమైంది, ఇచ్చింది. దామగుండానికి ఏం కావాలో అడిగి రాసుకునే బాధ్యత ఇప్పుడు దేశానిది.